ఆదివారం కదలని కారు

మొన్న మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీదున్న వాటర్ వాషింగ్ షెడ్డుకు కారు తీసుకెళ్లాను. పల్లెల దుమ్మంతా దాని మీదే ఉంది, నాకే చూడబుద్ధి కాలేదు. షెడ్డులో పనిచేసే ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నన్నేమీ అడక్కుండానే బానెట్ ఎత్తి పైపు అటు తిప్పబోయాడు. నీడన కుర్చీలో కూర్చుని వేయించిన పల్లీలు తింటున్నదాన్ని, పొట్లం అక్కడే పారేసి "ఆపు నాయనా, ఆపు!" అని కేక పెట్టాను. ఆ కేకకు పక్క టీ దుకాణంలో వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. ఏ పామో కనబడిందనుకున్నారట. ఆయన పైపు పక్కకు తిప్పి, "ఏమైంది మేడం? లోపల మన్ను శానా ఉండాది. కొట్టిస్తే నీటుగా ఉంటాది" అన్నాడు. "లోపల వద్దు, మా నాయన ఒప్పుకోడు" అన్నాను. నా తలలో తెల్లవెంట్రుకలు చూసి, ఈమెకు అడ్డం చెప్పే నాయన ఇంకా ఉన్నాడా అని ఆయన అనుకునే ఉంటాడు. మా నాయన పోయి కొన్నేళ్లయింది. అయినా నేను చెప్పింది అబద్ధం కాదు. బానెట్ కింద చుక్క నీళ్లు పడకూడదని మా ఇంట్లో శాసనం చేసింది ఆయనే. ఆ శాసనం రాకముందు అక్కడ కుండపోతగా నీళ్లు పోసిందీ ఆయనే.

ఆ కథ చెప్పాలంటే నా కాలి సంగతి చెప్పక తప్పదు. పసితనంలో జ్వరమొచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. పోలియో. నడుస్తాను, కాకపోతే మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక పక్కకు ఒరుగుతూ నడుస్తాను. చేసే ఉద్యోగం చూస్తే ఏఎన్‌ఎం. పెద్దారవీడు మండలంలో పల్లెలు తిరిగి పసిపిల్లలకు టీకాలు వెయ్యాలి, కడుపుతో ఉన్నవాళ్లను చూసుకోవాలి. తిరుగుడు ఉద్యోగమూ కుంటికాలూ ఒకే మనిషికి ఎందుకిచ్చాడో దేవుణ్ణి చాలాసార్లు అడిగాను. ఆయన చెప్పలేదు. చాలా ఏళ్లు షేర్ ఆటోల్లోనే తిరిగాను. ఆటో ఎక్కాలంటే లోపలున్నవాళ్లు జబ్బ పట్టుకుని లాగేవాళ్లు, కిందున్నవాళ్లు వెనక నుంచి నెట్టేవాళ్లు. అందరూ ప్రేమతోనే చేసేవారు, అక్కా అనో పిన్నీ అనో పిలుస్తూ చేసేవారు. కానీ రోజుకు నాలుగైదుసార్లు వడ్ల బస్తాలాగా ఎక్కుతూ దిగుతూ ఉంటే, ఎంత ప్రేమైనా జబ్బల మీద కమిలిపోతుంది. పెళ్లి చేసుకోలేదు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. మా అమ్మ పోయాక నాయనను పల్లె నుంచి మార్కాపురం తెచ్చుకున్నాను. ఇద్దరం ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్లం.

క్లచ్ లేని కార్లు వచ్చాయనీ, వాటిలో ఎడమకాలికి అసలు పనే ఉండదనీ మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ ఒకరోజు మాటల మధ్య చెప్పింది. ఆ మాట నా చెవిలో జోరీగలా తిరిగింది. ఇంట్లో చెప్తే మా అన్న లేచి నిలబడ్డాడు. అన్న గిద్దలూరులో ఎరువుల దుకాణం నడుపుతాడు. నా మీద ప్రేమ ఎక్కువ, ఆ ప్రేమను కేకల రూపంలోనే చూపించగలడు. "రెండు కాళ్లు బాగున్నోళ్లే చెట్లకు గుద్దుకుంటా ఉండారు. నీకెందుకమ్మే కారు?" అన్నాడు. నాయన అంతా విని, నన్ను ఒకే మాట అడిగాడు. "ఎడమకాలితో పని లేదంటివే, నిజమేనా?" నిజమే నాయనా అన్నాను. "అయితే తీసుకో" అన్నాడు. అంతే, అన్న కూర్చున్నాడు. ఒంగోలులో ఒకాయన వాడి వదిలేస్తున్న పాత తెల్లకారు దొరికింది. ఊరి బయట బీడులో నేర్చుకున్నాను. నేర్చుకున్నన్నాళ్లూ నాయన పక్క సీట్లో, ముందున్న పిడిని రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు. భయమేస్తోందా అంటే "నాకేం భయం, ఊరికే పట్టుకున్నా" అనేవాడు. లైసెన్సు వచ్చాక మొదటిసారి నేనొక్కదాన్నే పల్లెకు వెళ్లి, టీకాల పెట్టె తీసుకుని, తలుపు తీసుకుని నా అంతట నేను దిగాను. జబ్బ పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆరోజు నాకు కలిగిన సంతోషాన్ని రెండు కాళ్లూ బాగున్నవాళ్లకు చెప్పి ఒప్పించడం కష్టం. అప్పటినుంచి ఆ కారును నేను కారు అనుకోలేదు, కాలు అనుకున్నాను.

ఇక మా నాయన గురించి. ఆయన జీవితమంతా ఒకరి దగ్గర జీతగాడు. వాళ్ల ఎద్దులను మేపడం, కట్టెయ్యడం, గుండ్లకమ్మ ఏట్లో దించి కడగడం. కడగడంలో ఆయనకు పెద్ద పేరు. కొమ్ముల మొదళ్లు, గిట్టల సందులు, తోక కింద, చెవుల వెనక, ఎక్కడా మన్ను మిగలనిచ్చేవాడు కాదట. తిరనాళ్లకు పోతే ఎద్దులను చూసి "ఇవి ఫలానావాళ్ల ఎద్దులు" అని యజమాని పేరు చెప్పుకునేవారు గానీ, కడిగినవాడి పేరు ఎవరు చెప్పుకుంటారు? సొంతంగా ఒక దూడ కూడా లేని మనిషికి ముసలితనంలో ఇంటిముందు తెల్లకారు వచ్చి నిలబడేసరికి, చేతులు ఊరుకోలేదు. ప్రతి శనివారం సాయంత్రం పంచె ఎగ్గట్టి కారు కడగడం మొదలుపెట్టాడు. ఆదివారం మా పల్లెలో చర్చికి వెళ్తాం కదా, మనం తలంటుకుని తెల్లబట్టలు కట్టుకుని పోతుంటే మనల్ని మోసుకుపోయేది మురికిగా ఉంటే ఎట్లా అని ఆయన వాదన. మొదట్లో పైపైన కడిగేవాడు. తర్వాత బానెట్ ఎత్తడం నేర్చుకున్నాడు. లోపల చూస్తే అన్నీ సందులే. గిట్టల సందులు కడిగిన చేతికి ఆ సందులు ఎంత ఊరించాయో నేను ఊహించగలను. బోరు పైపు తెచ్చి, కొస మీద బొటనవేలు అదిమి, సన్నధారగా చేసి, ప్రతి సందులోకీ కొట్టేవాడు. మెరుస్తున్న ఇంజను చూపించి "ఎట్లుంది?" అనేవాడు. కోడెదూడలా ఉంది నాయనా అంటే పొంగిపోయేవాడు.

అట్లా కొన్నాళ్లు గడిచాక ఒక ఆదివారం పొద్దున, ఇద్దరం తయారై కారెక్కాం. తాళం తిప్పాను. దీపాలు వెలిగాయి, హారన్ మోగింది, ఇంజను మాత్రం కదల్లేదు. కనీసం మూలగలేదు. ఆటోలో చర్చికి పోయాం. సాయంత్రం వచ్చి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. సోమవారం నుంచి శనివారం దాకా పల్లెలన్నీ తిరిగింది. మళ్లీ ఆదివారం మొరాయించింది. వీధిలోవాళ్లు వచ్చి, కొంచెం దూరం నెడితే స్టార్టవుతుందని చెప్పి, చెమటలు కక్కుతూ సందు చివరిదాకా నెట్టారు. క్లచ్ లేని కారు నెడితే స్టార్ట్ కాదని ఆరోజు అందరం కలిసి తెలుసుకున్నాం. తెలుసుకుని, మళ్లీ వెనక్కి నెట్టుకొచ్చాం.

ఇది వరసగా ఆదివారాలే జరుగుతుండేసరికి మా చర్చిలో చర్చ మొదలైంది. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, పల్లెలో ప్రార్థనలకు ముందుండే మనిషి. ఆమెకు అనుమానమే లేదు. "వారమంతా తిరిగే బండి దేవుని సన్నిధికి పొయ్యే రోజే ఆగిందంటే ఏంది అర్థం? సాతాను అడ్డం పడుకుంటా ఉండాడు" అని తేల్చేసింది. నవ్వుకోవచ్చు గానీ, ఆమె లెక్కలో తప్పేముంది? వారంలో ఒక్కరోజే వచ్చే రోగానికి మనిషి కారణం వెతుక్కుంటాడు, ఆమెకు తెలిసిన కారణం ఆమె చెప్పింది. సంఘమంతా కారు కోసం ఉపవాస ప్రార్థన పెట్టింది. పాస్టరుగారు మా ఇంటిదాకా వచ్చి బానెట్ మీద చెయ్యిపెట్టి ప్రార్థించి, వాహనాన్ని శుద్ధిగా ఉంచుకోమని నాయనకు చెప్పి వెళ్లారు. ఇంకేముంది? అసలే కోతి, ఆపైన కల్లు తాగింది. ఆ శనివారం మా నాయన ఉపవాసముండి మరీ కారు కడిగాడు. సాతాను దాక్కోవడానికి ఒక్క సందు కూడా వదలకూడదని, ఎప్పుడూ పోసేదానికి రెండింతలు నీళ్లు పోశాడు. ఆ ఆదివారం కారు పొద్దున్నే కాదు, సాయంత్రం కూడా కదల్లేదు.

మెకానిక్ సంగతి కూడా చెప్పాలి. గిద్దలూరు రోడ్డులో ఆయన షెడ్డు. మా వీధిలో అందరికీ భాయ్. నోరు మంచిదే గానీ ఆగదు. లారీ శబ్దం వింటే అందులో ఏ సరుకుందో చెప్తానని గొప్పలు పోయేవాడు. రెండో ఆదివారం ఫోన్ చేస్తే వస్తున్నా అక్కా అని, టీ తాగి, ఇంకెవరి బండో చూసి, ఎండ నడినెత్తికి వచ్చాక వచ్చాడు. తాళం తిప్పాడు. ఠక్కున స్టార్టయింది. "ఏం లేదక్కా దీనికి. నేనొస్తానని తెలిసి భయపడింది" అని నవ్వి వెళ్లాడు. తర్వాత బ్యాటరీ అన్నాడు, కొత్త బ్యాటరీ వేశాం. ఆదివారం ఆగింది. సెల్ఫ్ మోటారన్నాడు, ఇంజనును తిప్పి లేపేది అదే కాబట్టి నాకూ సబబుగానే తోచింది. దాన్ని విప్పి, తుడిచి, బిగించాడు. ఆదివారం మళ్లీ ఆగింది. పుండు ఒకచోట, మందు ఇంకోచోట అన్నట్టయింది. "మాకు శుక్రవారం సెలవు, మీ కారుకు ఆదివారం సెలవు. ఎవరి మతం వాళ్లది, మనమేం చేస్తామక్కా" అన్నాడు చివరికి, తల గోక్కుంటూ. అంత అవస్థలోనూ నాకు నవ్వొచ్చింది.

నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. సంగతి విని అన్న గిద్దలూరు నుంచి ఫోన్ చేశాడు. "ఈరోజు ఆదివారం ఆగుతాది, రేపు ఏ అడివి దారిలోనో ఆగుతాది. ఆడమనిషివి, ఆ కాలు పెట్టుకుని యాడికి నడుస్తావు? ఈడ ఒకాయన కొంటానంటా ఉండాడు. శనివారం వచ్చి తీసకపోతాడు. ఇంక మాట్లాడొద్దు" అన్నాడు. అన్న మాటలో న్యాయం లేకపోలేదు. అమ్మేస్తే అట్లాంటిది ఇంకోటి కొనే స్తోమత నాకు లేదు. ఫోన్ పెట్టేశాక నాకు ఆటోలు గుర్తొచ్చాయి. జబ్బలు గుర్తొచ్చాయి. పైగా ఆ వచ్చే ఆదివారం మామూలు ఆదివారం కాదు, పల్స్ పోలియో ఆదివారం. చుక్కల మందు పెట్టెలు పెట్టుకుని నేను ఊరూరా ఉన్న కేంద్రాలు తిరగాలి. ఆ మాట నాయనతో చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. నా వయసుకు ఏడవాల్సిన విషయమా అని ఎవరైనా అనొచ్చు. కాలు పోయిన వయసులో దాని కోసం ఏడవాలని తెలీలేదు, రెండోసారి పోతుంటే తెలిసింది. నాయన నా ముందు మంచినీళ్ల చెంబు పెట్టి బయటికి వెళ్లి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం భాయ్‌కి మళ్లీ ఫోన్ చేశాను. ఇన్ని ఆదివారాల్లో నేను గమనించిన సంగతి ఒకటుంది. మామూలు రోజుల్లో తాళం తిప్పితే స్టీరింగు వెనక అద్దంలో గేరు అక్షరం కనిపిస్తుంది, నిలిపిన కారుకు ఇంగ్లీషు 'పి' అని. ఆగిన ఆదివారాలు ఆ అక్షరం కనిపించడం లేదు, దాని చోటు ఖాళీగా ఉంటోంది. అది చెప్పేసరికి భాయ్ గొంతు మారింది. "ఈ మాట ముందే చెప్తే ఎంత బాగుండు అక్కా! నేను అడగలా, అది నా తప్పు. గేరు బాక్సు మీద ఒక స్విచ్చు ఉంటాది. గేరు కర్ర యాడుందో కారుకు చెప్పేది అదే. కర్ర పార్కింగులో ఉందని అది చెప్తేనే సెల్ఫుకు కరెంటు పోతాది. అది నోరు మూసుకుంటే కారు కదలదు. గేర్లో ఉండంగా స్టార్టయితే మనిషి మీదికి పోతాది గదా, అందుకని అట్ల పెట్టినారు." అయితే బాగుచెయ్యి అన్నాను. "ఆగినప్పుడు చూడకుండా అదేనని చెప్తే మళ్లీ బ్యాటరీ కత అయితాది. కొత్తది బెజవాడ నుంచి రావాల, ఎప్పుడొస్తాదో తెల్దు. ఒక మాట చెప్పు, ఆదివారానికి ముందు ఏమన్నా చేస్తారా బండిని?" అన్నాడు. "ఏం చేస్తాం భాయ్? ఇంటిముందే ఉంటుంది. నాయన కడుగుతాడు, అంతే" అన్నాను. ఏ ఆలోచనా లేకుండా అన్నాను. ఫోన్ స్పీకరులో ఉంది. నాయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. అవతల భాయ్ ఏదో అనబోతుంటే ఎవరో పిలిచారు, మళ్లీ చేస్తానని పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చాను. పొద్దుననగా వెళ్లిన కారు ఏ పేచీ లేకుండా తిరిగొచ్చింది. అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో బయట నీళ్ల చప్పుడు వినిపించింది. శనివారం కాదు కదా అనుకుంటూ లేచి వెళ్లాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో నాయన బానెట్ ఎత్తి, పంచె ఎగ్గట్టి, పైపు కొసను వేలితో అదిమి లోపల సందుల్లోకి కొడుతున్నాడు. రోజూ చూసే సరదా ముఖంలో లేదు. పళ్లు బిగించి కొడుతున్నాడు. "ఏంది నాయనా, ఇప్పుడెందుకు?" అంటే "తాళం తీసకరా" అన్నాడు. తెచ్చాను. "కూకో. తిప్పు" అన్నాడు. కూర్చుని తిప్పాను. దీపాలు వెలిగాయి. ఇంజను కదల్లేదు. 'పి' ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. నేను తల ఎత్తి చూస్తే, ఆయన చేతిలో పైపు అట్లాగే కారుతోంది, నీళ్లు ఆయన కాళ్ల మీదుగా వాకిట్లోకి పోతున్నాయి. "నేనేనమ్మా. నా వల్లనే" అన్నాడు.

రాత్రంతా ఆయన ఏమి ఆలోచించి ఉంటాడో తర్వాత తట్టింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నాలుగు రోజులు పోతే కారు అమ్ముడుపోతుంది, తప్పు సాతాను ఖాతాలోనే ఉండిపోతుంది. ఆయన కడుగుడుకు ఉన్న పేరు ఆయనకు ఉండిపోతుంది. జీవితంలో ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరే. దాన్ని తన చేతులతోనే తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. నేను దిగి పైపు కట్టేసి, "కూర్చో నాయనా, భాయ్‌ను పిలుస్తాను" అన్నాను.

భాయ్ ఈసారి టీ తాగకుండా వచ్చాడు. రోగం రోగంలాగే ఉండగా దొరికిందని ఆయనకు పండగలా ఉంది. ముందు గేరు కర్ర పార్కింగులో ఉందో లేదో చూసుకున్నాడు. చిన్న బల్బు కట్టిన వైరు తీసి ఒక్కొక్కచోట ఆనించి చూశాడు. బ్యాటరీ దగ్గర బల్బు వెలిగింది. సెల్ఫ్ దగ్గర, నేను తాళం తిప్పినా వెలగలేదు. తర్వాత స్విచ్చు ప్లగ్గు ఊడబీకి, రెండు వైర్లను చిన్న తీగతో కలిపి "తిప్పక్కా" అన్నాడు. ఇంజను గర్రుమని లేచింది. "చూస్తివా! బ్యాటరీ తప్పు లేదు, సెల్ఫు తప్పు లేదు. పాపం వాటిని ఊరికే స్టేషను చుట్టూ తిప్పినాం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని..." అంటూ తల తిప్పేసరికి, తడి పంచెతో అరుగు మీద కూర్చున్న నాయన కనిపించాడు. భాయ్ నోరు ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాయనే అందుకున్నాడు. "దొంగను నేనేలే భాయ్. ఈశ్వరుడు పట్టకపోతే నేనే పట్టిచ్చినా."

భాయ్ చేతులు తుడుచుకుని వచ్చి నాయన పక్కన కూర్చున్నాడు. ఊడదీసిన ప్లగ్గు ఆయన ముందు పెట్టాడు. తిప్పితే అందులోంచి నీటిచుక్కలు రాలాయి. దాని చుట్టూ ఉండే నల్ల రబ్బరు ఎండి, పగిలిపోయి ఉంది. "ఇది చూడు పెదనాయనా. రబ్బరు ఎప్పుడో పగిలింది, మీరు కొనకముందే. నీళ్లు పోసినది నువ్వే, కాదనను, అవి ఆరినాక బండి మామూలైతా ఉండింది. కానీ నువ్వు పొయ్యకుంటే వాన పోసేది. అక్క ఏ నల్లమల దారిలోనో ఉండంగా పోసేది. ఇంటిముందర ఆగింది కాబట్టి సరిపోయింది" అన్నాడు. అది ఓదార్పు కోసం చెప్పాడో, నిజమే చెప్పాడో అప్పుడు నాకు తెలియలేదు. రెండూ అని ఇప్పుడు అనుకుంటాను. ఆ మాటకు ఆయనకు నేను ఈనాటికీ కృతజ్ఞురాలినే. నాయన రబ్బరును వేళ్ల మధ్య తిప్పి చూసి, "బాగయితాదా?" అని మాత్రం అడిగాడు.

బ్యాటరీ తీసి, కింద రేకు తీసి, స్విచ్చు ఎట్లా కూర్చుని ఉందో గుర్తుకు గీత గీసుకుని భాయ్ దాన్ని విప్పాడు. లోపల రాగి ముక్కలకు పచ్చగా చిలుం పట్టింది, దాని మీద తెల్లగా సున్నపు పొర. మా పక్క బోరు నీళ్ల సంగతి తెలిసిందే, తాగితే పళ్లు గారపడతాయి, ఆరితే గిన్నెల మీద తెల్లచారలు మిగుల్తాయి. స్విచ్చును మాత్రం ఎందుకు వదుల్తాయి? పాత పళ్లబ్రష్షు, కాస్త పెట్రోలు, పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరు, ఇవీ ఆయన పనిముట్లు. రాగి మెరిసేదాకా రుద్ది, కాగితం పరిచి ఎండలో పెట్టాడు. మిరపకాయలు ఎండేసినప్పుడు కావలి కూర్చున్నట్టు నాయన దాని పక్కనే కూర్చున్నాడు. లోపలికి రా నాయనా, ఎండ అంటే రాలేదు. ఆరాక భాయ్ తన డబ్బాలోంచి సరిపోయే రబ్బరు వెతికి వేసి, గ్రీజు పూసి, గీతకు గీత కలిపి బిగించాడు. ఆపైన ఒక్కొక్క గేరూ పరీక్ష. పార్కింగులో స్టార్టవ్వాలి, అయింది. న్యూట్రల్లో అవ్వాలి, అయింది. రివర్సులోనూ ముందుకు పోయే గేరులోనూ అవ్వకూడదు, అవ్వలేదు. చివరికి ఇంజను నడుస్తుండగా బ్రేకు తొక్కిపెట్టి రివర్సు వేయించి, వెనక దీపం చూడమని నాయనను పంపాడు. "వెలిగింది!" అని నాయన వెనక నుంచి అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

ఆ సాయంత్రమే నాయన అన్నకు తానే ఫోన్ చేయించుకుని మాట్లాడాడు. "కొంటానన్నాయన్ను రావద్దని చెప్పు. బండికేం లేదు. నేను నీళ్లు పోసి చెడగొట్టినా. బాగుచేపిచ్చినాం. అది దాని కాలు, అమ్మేది లేదు" అన్నాడు. అవతల అన్న ఏమన్నాడో వినిపించలేదు గానీ, నాయన "ఊఁ, తిట్టు, తిట్టు, నన్నే తిట్టు, దాన్ని ఏమనొద్దు" అంటున్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, ఇకమీదట బానెట్ కింద పొడిగుడ్డ తప్ప ఇంకేదీ పోకూడదని శాసనం చేశాడు. చిన్నమ్మకు సంగతి చెప్తే, ఓటమి ఒప్పుకోకుండా, "మరి ప్రార్థన చేసినందుకే గదా కారణం తెలిసింది" అంది. కాదనడానికి నాకేమీ కనబడలేదు.

ఒక్క విషయం మాత్రం ఎవరికీ చెప్పలేదు. "నేనేనమ్మా, నా వల్లనే" అన్న మాట మా నాయన నోట నేను వినడం అది మొదటిసారి కాదు. నాకు జ్వరమొచ్చిన రోజుల్లో ఆయన ఊళ్లో లేడు. జీతం పని కొన్నాళ్లు లేకపోయి, గుంటూరు వైపు మిరపకోతలకు పోయాడు. తిరిగొచ్చేసరికి నా కాలు చల్లబడిపోయింది. తాను ఊళ్లో ఉంటే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తేవాణ్ణనీ, కాలు నిలిచేదనీ ఆయన నమ్మకం. నర్సు ట్రైనింగు నుంచి వచ్చిన ఏడు ఆయన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాను, అది వస్తే ఏ ఆసుపత్రీ ఆపలేదనీ, ముందు చుక్కలు పడి ఉంటేనే ఆగేదనీ, నువ్వు ఉన్నా లేకపోయినా ఇంతేననీ. అంతా విని, "నేనేనమ్మా, నా వల్లనే" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. ఆయన చెయ్యని తప్పును ఆయన నుంచి లాక్కోవడం నా చేత కాలేదు.

పోలియో ఆదివారం పొద్దున్నే తయారయ్యాను. నాయన తెల్లబట్టలు కట్టుకుని ముందే కార్లో కూర్చున్నాడు. చర్చికి ఈరోజు పోలేను నాయనా, కేంద్రాలు తిరగాలి అంటే, "తెలుసులే, నేనూ వస్తా" అన్నాడు. తాళం తిప్పాను. అక్షరం వెలిగింది, ఇంజను లేచింది. చుక్కల మందు పెట్టెను వెనక సీట్లో పెట్టబోతే, గుంతల్లో ఎగురుతుందని చెప్పి అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దారవీడు వైపు పల్లెలన్నీ తిరిగాం. ప్రతిచోటా నేను దిగి చూసుకుని వచ్చేదాకా ఆయన కార్లోనే కూర్చుని, పిల్లల నోళ్లలో చుక్కలు పడటం అద్దంలోంచి చూస్తూ ఉన్నాడు. తిరుగుదారిలో ఊరి దగ్గరికి వచ్చాక, డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి, ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరి, "ఇదన్నా బాగయింది లేమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ నా కాలి సంగతి మళ్లీ ఎత్తలేదు. జరిగిపోయినదాన్ని కాలం ఎవరి కోసమూ దిద్దిపెట్టదు. అయినా మా నాయన మీద దయతలచి, ఆయన బతికుండగానే, ఆయన చేతులతోనే దిద్దుకోగలిగిన తప్పు ఒకటి ఆయనకు ఇచ్చింది, అందుకు ఆ కాలానికి నేను రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.